తలుపు లేని ఇంటి ఫోటోలు

ఊరందరికీ పళ్ళు చేసిపెట్టే అక్క దగ్గర సొంత తమ్ముడు నోరు విప్పి రెండేళ్ళయింది.

పళ్ళంటే కట్టుడు పళ్ళు. డెంటల్ ల్యాబ్‌లో కూర్చుని, మైనంలో ఒక్కో పన్నూ గుచ్చి, రంగు సరిచూసి, చిగుళ్ళు దిద్ది డాక్టర్లకి పంపడం ఆమె పని. తమ్ముడిది అద్దాల పని. పెద్ద పెద్ద భవనాలకి బయటి నుంచి తాళ్ళమీద వేలాడుతూ అద్దాలు బిగించేవాడు. ఒకరోజు పక్కనే వేలాడుతున్న జతగాడు కళ్ళముందే కిందపడిపోయాడు. ఆ సాయంత్రం తమ్ముడు ఇంటికొచ్చి, గుమ్మం పక్కన చెప్పులు విప్పి, తన గదిలోకి పోయి తలుపేసుకున్నాడు. అంతే! ఇరవై తొమ్మిదేళ్ళ మనిషి, మళ్ళీ గడప దాటితే ఒట్టు.

అక్క ఏడ్చింది, తిట్టింది, నెత్తీ నోరూ బాదుకుంది. బతిమాలి ఒక డాక్టరుని ఇంటికి తీసుకొస్తే, ఆయన తలుపుతో అరగంట మాట్లాడి వెళ్ళిపోయాడు. చివరికి గది ముందు ఒక స్టూలు వేసి, దాని మీద కంచం పెట్టి పనికి వెళ్ళడం అలవాటు చేసుకుంది. తిరిగొచ్చేసరికి కంచం ఖాళీగా ఉండేది. లోపల గేమ్ ఆడుతున్న చప్పుడు వినిపించేది. కంచం చూస్తే బతికున్నాడని తెలుస్తుంది సరే, ఎలా ఉన్నాడో ఎవరు చెప్పాలి?

ఆ కబురు ఆమెకి ఫోన్లో దొరికింది. మంచిగా ఉన్న రోజుల్లో తమ్ముడే తన క్లౌడ్ ఖాతాని అక్క ఫోన్లో కూడా పెట్టాడు. "నువ్వెలాగూ ఫోను పారేసుకుంటావ్ అక్కా. నీ ఫోటోలు కూడా ఇందులో పడితే భద్రంగా ఉంటాయి," అన్నాడు. గదిలో టీవీకి తగిలించిన గేమ్ కన్సోల్‌కీ అదే ఖాతా. ఆటలో బటన్ నొక్కితే తెర మీద ఉన్నది ఫోటోలాగా దానంతటదే పైకెక్కి, ఖాతాలో కూర్చుంటుంది. అలా ఒకరోజు ఆమె తీసిన కూరగాయల బండి ఫోటో పక్కన, ఆమె తీయని ఫోటో ఒకటి కనిపించింది. పచ్చటి మైదానం, మధ్యలో చదరపు దిమ్మెలతో సగం కట్టిన ఇల్లు.

అప్పట్నించీ రోజుకి రెండో మూడో వచ్చేవి. ఇల్లు పెరిగింది. మేడ లేచింది. ఎంతైనా అద్దాల పనివాడు కదా, నాలుగు వైపులా అద్దాలే బిగించాడు. ఇంటి ముందు ఒక రాళ్ళ బాట, బాట పక్కన నీలం బెంచీ, వంగిపోయిన దీపస్తంభం. తలుపు మాత్రం లేదు. "తలుపు లేని ఇల్లు ఎవడు కడతాడురా, వెధవా!" అని బస్సులో ఫోనుని తిట్టేది. ఆటలో ఎండ ఉంటే వాడి మనసు బాగున్నట్టు, చీకటిగా ఉంటే బాగాలేనట్టు. అలా తనే ఒక లెక్క కట్టుకుంది. తను చూస్తున్నట్టు మాత్రం వాడికి తెలియకూడదు. తెలిస్తే ఆ కాస్త సందు కూడా మూసేస్తాడని ఆమె భయం.

అలాంటిది, ఒక సోమవారం ఫోను మోగింది. క్లౌడ్‌లో చోటు నిండిపోయింది, ఇక కొత్తవి ఎక్కవు. మూడు రోజులు ఒక్క ఫోటో రాలేదు. ఆ మూడు రోజులూ ఆమెకి పన్ను పన్నుగా కనిపించలేదు. ముందు పళ్ళు వెనక, వెనక పళ్ళు ముందు గుచ్చింది.

ల్యాబ్‌లో స్కానర్ మీద పనిచేసే పెద్దాయనని అందరూ స్కానర్ బాబాయ్ అంటారు. కంప్యూటర్లకి సంబంధించిన ఏ గోలైనా ఆయన దగ్గరికే.

"ఇంకాస్త చోటు కొనేస్తే పోలా?" అన్నాడు బాబాయ్.

"కొంటానంటే రహస్య నంబరు వాడి ఫోనుకి పంపిస్తారట. వాడి ఫోను రెండేళ్ళుగా స్విచాఫ్."

"అయితే వాడివి పాతవి కొన్ని తీసెయ్."

"తీస్తే వాడికి తెలుస్తుందా?"

"తెలియకపోతే ఎలా? ఖాతా ఒకటే కదమ్మా. ఇక్కడ తుడిస్తే అక్కడ టీవీలోనూ మాయమే."

కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. వాడివి తుడిస్తే దొంగచూపులు బయటపడతాయి, తుడవకపోతే కబురే ఆగిపోతుంది.  చివరికి, "నావి తీసేస్తాను," అంది.

"ఆలోచించుకో తల్లీ. చెత్తబుట్టలో ఉన్నవీ చోటు తింటాయి. దాన్నీ ఖాళీ చెయ్యాలి. తర్వాత ఏడ్చినా రావు."

"ఏమున్నాయిలే బాబాయ్, ఏడవడానికి!"

నిజమే, ఏమున్నాయి? పనికి తప్ప ఇల్లు వదిలి ఒక్క పూట ఎక్కడికీ పోలేని మనిషి ఏం ఫోటోలు తీస్తుంది? బస్టాపులో వాన. బస్టాపులో ఎండ. బెంచీ కింద ముడుచుకున్న కుక్క. మెట్ల మీద పడ్డ ఆకులు. అమ్మవి పదకొండు మాత్రం ఉంచి, మిగతా నాలుగు వేలూ భోజనాల వేళలో తుడిచేసింది. చెత్తబుట్టా ఖాళీ చేసింది.

సాయంత్రానికి ఫోటో వచ్చింది. ఆమె ప్రాణం లేచొచ్చింది. మర్నాడూ వచ్చింది, అదే ఇల్లు, అదే చోటి నుంచి. ఆ మర్నాడూ అదే. బాట సగంలో ఆగిపోయింది, కొత్త రాయి ఒక్కటీ పడలేదు. ఆటలో రోజూ చీకటే. ఎందుకని అడగడానికి లేదు, అడిగితే చూస్తున్నట్టు ఒప్పుకోవాలి. తొమ్మిది రోజులు అడకత్తెరలో పోకచెక్కలా నలిగిపోయింది.

పదో రోజు పొద్దున, కంచం స్టూలు మీద పెడుతుండగా ఫోను మోగింది. తలుపు లేని ఇంటి ముందు ఒక చెక్క పలక పాతి ఉంది. దాని మీద రాత.

"అక్కా, నీ బస్టాపు ఫోటోలేవి?"

ఆమె కంచం దించేలోపే ఇంకో ఫోటో వచ్చింది, ఇంకో పలక.

"రోజూ టీవీలో చూసేవాణ్ణి. నాకు బయట అంటే అవే. కావాలంటే నావి తీసెయ్."

అయ్యో! ఇక్కడ తుడిస్తే అక్కడా మాయమని బాబాయ్ చిలక్కి చెప్పినట్టు చెప్పాడే! అది తన ఫోటోలకీ వర్తిస్తుందని ఈ మట్టిబుర్రకి తట్టలేదే! ఆ నీలం బెంచీ తను రోజూ కూర్చునే బెంచీ. ఆ వంగిన స్తంభం బస్టాపు పక్కన ఉన్నదే. ఇంటి నుంచి బస్టాపు దాకా తన ఫోటోలు చూసుకుంటూ వాడు బాట వేసుకుంటుంటే, సగంలో ఆ దారిని తనే తుడిచేసింది. చెత్తబుట్ట తెరిచి చూసింది. చేతులు కాలాక ఆకులెందుకు? అందులో ఏమీ లేదు.

తలుపు కొట్టబోయి చెయ్యి దించేసింది. కొట్టి ఏం చెప్పాలి? పోయాయిరా అనా?  రెండడుగులు వెనక్కి వేసి, వాడి తలుపునే ఫోటో తీసింది. రంగు ఊడిన చెక్క, ముందు స్టూలు, కంచంలో చల్లారిపోతున్న అన్నం. తర్వాత గుమ్మం పక్కన వాడి చెప్పులు. రెండేళ్ళుగా వాటిని ఆమె కదపలేదు, దుమ్ము మాత్రం దులిపేది. తర్వాత మెట్లు, ఒక్కో మెట్టూ. సందు, మలుపు, బేకరీ మూసిన షట్టర్, వంగిన స్తంభం, నీలం బెంచీ. ప్రతి పది అడుగులకీ ఒకటి తీసింది. రెండు బస్సులు వదిలేసింది. యజమాని తిడితే తిట్టనీ!

మూడో బస్సు ఎక్కి, దారిలో డాక్టరుకి అందించాల్సిన కట్టుడు పళ్ళు కనబడుతున్న ప్లాస్టిక్ పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నాలుగు స్టాపులు దాటాక ఫోను మోగింది.

ఇన్నాళ్ళూ వాడు ఇంటిని బయటి నుంచే తీసేవాడు. ఇది లోపలి నుంచి తీసింది. బాట వైపున్న అద్దం ఒకటి ఊడబీకి, ఆ చోట తలుపు బిగించాడు. మూసే ఉంది. గడియ మాత్రం లోపలి వైపు, తీద్దామంటే చేతికందేలా ఉంది.

ఆమె బస్సులో అందరి ముందూ భోరుమంది. పక్క సీట్లో పెద్దావిడ కంగారు పడి, ఆమె మొహాన్నీ ఒళ్ళోని పళ్ళ పెట్టెనీ మార్చి మార్చి చూసింది.

"పంటి నొప్పా అమ్మా?"

"కాదండీ," అంది అక్క, కొంగుతో ముక్కు తుడుచుకుంటూ. "మా తమ్ముడు ఇంటికి తలుపు పెట్టాడు."