నవ్వే మూతి

తొట్టి అడుగున నిన్న వేసిన వానపాము ముక్క అలాగే పడి ఉంది. నీళ్లు మార్చడానికి వచ్చిన ఆమె మగ్గు పక్కన పెట్టి వంగి చూసింది.

ఇంట్లో అందరూ చంటిగాడు అని పిలిచే ఆ ప్రాణి ఒక ఆక్సొలాటల్. నీళ్లలోనే బతికే తెల్లటి బల్లిలా ఉంటుంది, తల చుట్టూ కుచ్చుల్లాంటి మొప్పలు. మూతి తీరే నవ్వుతున్నట్టు ఉంటుంది. ఆ నవ్వుకి మురిసిపోయి భర్త కొనుక్కొచ్చాడు. మోజు తీరాక తొట్టి కడగడం, మేత వేయడం ఎవరూ చెప్పకుండానే ఆమె పనుల్లో కలిసిపోయాయి, అత్తగారి మాత్రల్లాగే, ఆయన చొక్కాల్లాగే.

మొప్పలు ముందుకు వంగి ఉన్నాయి. ఒక కుచ్చు చివర దూది అంటుకున్నట్టు తెల్లగా ఏదో ఉంది. తోక కొస కొక్కెంలా ముడుచుకుంది. వేలు ముంచితే నీళ్లు గోరువెచ్చగా తగిలాయి. చల్లటి నీళ్లలో తప్ప వాడు బతకడు. నీళ్లను చల్లబరిచే చిన్న ఫ్యాను ఆగిపోయి ఉంది. పైన కొత్త లైట్లు వెలుగుతున్నాయి.

"ఫ్యాను ఎవరు ఆపారు?"

"నేనే, నిన్న," అన్నాడు భర్త ఫోన్లోంచి తలెత్తకుండా. "ఒకటే గోల. ఇంకాసేపట్లో మా మేనేజరు పిల్లలతో వస్తున్నాడు, చంటిగాణ్ణి చూడాలంట. లైట్లు ఎలా ఉన్నాయి?"

"వాడికి ఒంట్లో బాగాలేదు. ఇలాగే వదిలేస్తే చచ్చిపోతాడు."

"ఊరుకో. నవ్వుతూనే ఉన్నాడుగా."

ఈ మాట ఆమెకు కొత్త కాదు. మొన్న తను పనిచేసే ఆఫీసు రిసెప్షన్‌లో జ్వరంతో కూర్చుని సెలవడిగితే సూపర్‌వైజరు, "మొహం చూస్తే అలా లేదే," అన్నాడు. ఇంటికొచ్చి పడుకుంటే అత్తగారు గుమ్మంలో నిలబడి, "పొద్దున నవ్వుతూనే వెళ్లావు కదమ్మా, ఇంతలోకే ఏమొచ్చింది," అన్నారు. లేచి వంట చేసింది. వడ్డించేటప్పుడు తన మొహం ఎలా ఉందో ఆమెకు తెలియదు. అలవాటు ప్రకారమే ఉండి ఉంటుంది. ఆ జ్వరం ఇంకా పూర్తిగా వదల్లేదు. తనకూ నిన్నటి నుంచి అన్నం సహించడం లేదన్న సంగతి, వానపాము ముక్కను తీసి పారేస్తుంటే గుర్తొచ్చింది.

చిల్లుల మూత ఉన్న డబ్బాలో క్లోరిన్ పోగొట్టిన నీళ్లు నింపి, చంటిగాణ్ణి రెండు చేతులతో అందులోకి మార్చింది. జబ్బుపడ్డ ఆక్సొలాటల్‌ని కొన్నాళ్లు ఫ్రిజ్ చలిలో ఉంచితే కోలుకుంటుందని ఆమె చదివింది. ఫ్రిజ్ తెరిచింది. వచ్చేవాళ్ల కోసం పొద్దుటి నుంచి చేసిపెట్టిన గిన్నెలు మధ్య అర నిండా ఉన్నాయి. ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టి, ఆ చోట డబ్బా ఉంచింది.

"తినేవాటి మధ్య బల్లిని పెడతావా?" అన్నారు అత్తగారు. "బయట పెడితే ఆ వంటలన్నీ పాడైపోవూ?"

"పాడవుతాయి అత్తయ్యా."

భర్త వంటింట్లోకి వచ్చాడు. "మరి వాళ్లకి ఏం చూపించను?"

"తొట్టి చూపించండి. లైట్లు బాగున్నాయి. నేను పడుకుంటున్నాను."

"వడ్డన ఎవరు చేస్తారు?"

అంతలో కాలింగ్ బెల్ మోగింది. ఆమె పెదవులు వాటంతట అవే సాగబోయాయి. వేళ్లతో ఒకసారి వాటిని తడుముకుని, గదిలోకి వెళ్లింది.

"ఇప్పుడే వస్తుంది, కూర్చోండి," అంటున్నాడు భర్త హాల్లో.

ఆమె తలుపు గడియ పెట్టి, లైటు తీసేసి, ఫ్యాను వేసుకుంది.