సీలు విప్పని కంప్యూటర్

దిల్‌సుఖ్‌నగర్‌లో ఆ కోచింగ్ సెంటర్ ఆఫీసు చూసేది సంతోషి. నకిరేకల్ దగ్గరి పల్లె నుంచి వచ్చి, చంపాపేటలో కిరాయికుంటూ, దూరవిద్యలో డిగ్రీ పూర్తిచేసింది. హాల్ టికెట్ల నుంచి టైంటేబుళ్ల దాకా అన్నీ ఆమె చేతి మీదుగానే నడుస్తాయి. ఎనిమిదేళ్లలో ఒక్క పొరపాటూ రానివ్వలేదని ఆమెకు లోలోపల గర్వం.

ఆ శనివారం పొద్దున ఆఫీసుకు ఒక మెయిల్ వచ్చింది. పంపినవాడు పట్టాభి, డైరెక్టర్ భానుమూర్తి గారికి చిన్ననాటి స్నేహితుడు.

"అత్యవసరం! కొత్త వైరస్ వచ్చింది. ఏ యాంటీవైరస్‌కూ దొరకదు. పద్నాలుగు రోజులు నిద్రపోయి, పదిహేనో రోజు లేచి కంప్యూటర్ మొత్తం తుడిచేస్తుంది. కింద రాసిన పేరుతో ఫైల్ ఉందేమో వెతకండి. ఉంటే వెంటనే తీసేయండి. మీకు తెలిసినవాళ్లందరికీ ఈ మెయిల్ పంపండి."

సంతోషి వెతికింది. ఉంది! అచ్చం ఆ పేరే. చప్పున ఆ ఫైల్ తీసేసింది, తీసేసినవి చేరే రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేసింది. అంతటితో ఆగిందా? పదిమందికీ మేలు జరుగుతుంది కదా అని ఆరువందల మంది విద్యార్థులకూ, కంప్యూటర్ ల్యాబ్ ఉన్న ఎల్బీనగర్ బ్రాంచికీ అదే మెయిల్ పంపేసింది.

భోజనాలయ్యాక, మర్నాడు ఎల్బీనగర్ ల్యాబులో కంప్యూటర్ల మీద జరిగే మాదిరి పరీక్ష పేపరు సరిచూద్దామని తెరిచింది. తెలుగు ప్రశ్నలు ఒక్కటీ లేవు. అక్షరాలు ఉండాల్సిన చోట వరసగా ఖాళీ గళ్లు! ఇంగ్లిషు మాత్రం చక్కగా ఉంది.

ఎల్బీనగర్ ల్యాబు చూసే ఉపేంద్రకు ఫోన్ చేసింది.

"వైరస్ అప్పుడే మీ సిస్టమ్‌ని తినేసిందండీ," అన్నాడతను. "ఇక్కడ నలభై ఉన్నాయి. అది లేవకముందే అన్నింట్లోనూ ఆ ఫైల్ తీసేస్తున్నాను. డైరెక్టర్ సార్ కూడా పక్కనే ఉన్నారు. ఉంటానండీ."

సంతోషి తెర వంక చూస్తూ కూచుంది. పొద్దున ఇదే పేపర్లో అచ్చుతప్పులు దిద్దింది. అప్పుడు అక్షరాలన్నీ ఉన్నాయి.

"ఫైల్ తీసేసినంకనే గదా పోయినయి," అనుకుంది పైకే. "వైరస్ తిన్నదా, నేను తీసిన్నా?"

తేల్చుకోవడమెలా? స్టోర్‌రూమ్‌లో కొత్త కంప్యూటర్ ఒకటుంది. వారం కింద వచ్చింది, పెట్టె సీలు కూడా విప్పలేదు. కత్తెర తీసుకుని టేపు కోసింది. నెట్ తీగ తగిలించకుండా, కరెంటు మాత్రం ఇచ్చి ఆన్ చేసి, ఆ పేరు కొట్టింది.

అందులోనూ ఉంది!

"సీలే విప్పని దాంట్లకు వైరస్ ఎట్లొస్తది? ఇది కంప్యూటర్‌తోటే వచ్చింది!"

ఆ ఫైల్‌ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, తన కంప్యూటర్‌లో దాని చోట పెట్టి, ఆపి మళ్లీ ఆన్ చేసింది. ప్రశ్నపత్రం తెరిస్తే తెలుగక్షరాలు ముత్యాల్లా నిలబడ్డాయి. సంతోషి కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టింది. అంతలోనే ఎల్బీనగర్ గుర్తొచ్చింది. అక్కడ ఎవరూ ఫోన్ ఎత్తడం లేదు. పెన్‌డ్రైవ్ గుప్పిట్లో పట్టుకుని మెట్రో మెట్లెక్కింది.

ఆమె ల్యాబులో అడుగుపెట్టేసరికి ఉపేంద్ర ఇరవైమూడో కంప్యూటర్లో ఫైల్ తీసేసి, తర్వాతి దాని ముందు కూర్చుంటున్నాడు.

"ఆగు తమ్మీ! అది వైరస్ గాదు. తెలుగు చూపించే ఫైల్ అది!"

"అదేంటండీ, మెయిల్ పంపింది మీరే కదా!"

"నేనే పంపిన. ఉత్త పుకారుకు మోసపోయిన."

భానుమూర్తి గారు కళ్లజోడు సవరించుకున్నారు. "పట్టాభి చదువుకున్నవాడమ్మా, ఊరికే పంపుతాడా?"

"ఆయనకు ఇంకెవరో పంపి ఉంటరు సార్. నేను ఆరువందల మందికి పంపలేదా? జర ఇట్ల రండి."

ఫైల్ తీసేసిన కంప్యూటర్లో పేపరు తెరిచింది. గళ్లు. తీయనిదాంట్లో తెరిచింది. తెలుగు. మొదటిదాంట్లో పెన్‌డ్రైవ్ పెట్టి ఫైల్ ఎక్కించి, ఆపి ఆన్ చేసింది. ముగ్గురూ చూస్తుండగా తెలుగు తిరిగొచ్చింది.

"అమ్మ బాబోయ్!" అన్నారు భానుమూర్తి గారు. "రేపు నూటయాభై మంది తెలుగు మీడియం వాళ్లు రాయాలి. వాళ్ల ముందు ఈ గళ్లు పెట్టేవాళ్లం!"

సాయంత్రం ఆరయ్యేలోపు ఇరవైమూడూ బాగయ్యాయి. మిగిలింది ఆరువందల మంది సంగతి.

"దాని గురించి మళ్లీ రాయకమ్మా, సంస్థ పరువు పోతుంది," అన్నారాయన మెల్లగా.

"వాళ్లింట్ల కంప్యూటర్లు ఖరాబైతే పరువు ఉంటదా సార్? తప్పు నాది. నా పేరుతోనే రాస్త."

అక్కడే కూర్చుని రాసింది: "పొద్దున నేను పంపిన మెయిల్ అబద్ధం. పరీక్షించకుండా నమ్మాను, క్షమించండి. ఫైల్ తీయకండి. తీసేసినవాళ్లకు దాన్ని తిరిగి పెట్టే పద్ధతి ఇది." ఏమేం చేయాలో వరసగా విడమరిచి, ఆ ఫైల్‌నీ జతచేసి, తన ఫోన్ నంబరు కూడా ఇచ్చింది.

పంపాక ఎనిమిదేళ్ల పేరు ఒక్కరోజులో పోయిందనుకుంది. పావుగంటలో ఫోన్ మోగింది. మూసారాంబాగ్ నుంచి అమల అనే విద్యార్థిని.

"మేడమ్, ల్యాప్‌టాప్ మొత్తం తుడిపిద్దామని షాపుల నిలబడ్డ. నోట్స్ అంత అందులనే ఉన్నయి. మీ మెయిల్ చూసి ఎన్కకు తీసుకున్న. మీరు చెప్పినట్టే చేసిన, అంత మంచిగైంది!"

ఆ వెనక మరొకరు, ఇంకొకరు. ఒక్కరూ తిట్టలేదు.

మర్నాడు పొద్దున పదింటికి ల్యాబులో మొదటి నలభై మంది కూర్చున్నారు. బెల్లు మోగగానే నలభై తెరల మీదా తెలుగు ప్రశ్నలు తెరుచుకున్నాయి. వరసల మధ్య నడుస్తూ సంతోషి ప్రతి తెరా చూసింది. ఎక్కడా ఒక్క గడి లేదు.

గుమ్మం దగ్గర ఉపేంద్ర టీ గ్లాసు అందించాడు. "అక్కా," అన్నాడు. అలా పిలవడం అదే మొదటిసారి. "సీలు విప్పి చూడాలని నాకు తట్టనే లేదు."

"నాకు మాత్రం నిన్న పొద్దుగాల్నే తట్టిందా?" అంది సంతోషి నవ్వుతూ. వేడి టీ ఊదుకుంటూ, పరీక్ష రాస్తున్న వాళ్లను తృప్తిగా చూస్తూ అక్కడే నిలబడింది.