మా ఇంటి విచారణ కమిటీ

మా ఇంటి కంప్యూటర్లో దొంగ దూరాడని తెలిసిన రోజున విచారణ కమిటీ వేసింది నేనే. దానికి అధ్యక్షుణ్ణీ నేనే. దొంగనీ నేనే. ఆ మూడో పదవి సంగతి మాత్రం అప్పటికి ఎవరికీ తెలియదు.

నా పేరు నరసింగరావు. భిలాయి ఉక్కు ప్లాంటులో ఇన్‌స్ట్రుమెంటేషన్ విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. అంటే, కొలిమి లోపల ఎంత వేడి ఉందో బయట గదిలో కూర్చుని, ముల్లు చూసి చెప్పే ఉద్యోగం. లోపలికి వెళ్లకుండా లోపలి సంగతి తెలుసుకోవడమే గొప్ప అనుకుంటూ బతికాను. కొలిమి ఎప్పుడూ అభ్యంతరం చెప్పలేదు. రిటైరయ్యాక చూసుకోవడానికి ముళ్లేవీ లేక మనుషుల మీద పడ్డాను.

ఇంకో సంగతి కూడా ముందే చెప్పెయ్యాలి. నేను తలుపు కొట్టే మనిషిని కాను. మా నాన్న బొబ్బిలి దగ్గర్నుంచి ప్లాంటు పనికి వచ్చినవాడు. నేను క్వార్టర్లో పుట్టి పెరిగాను. అక్కడ పగటిపూట తలుపు వేసి ఉందంటే ఆ ఇంట్లోవాళ్లు ఊరెళ్లారనే అర్థం. పక్కింటి అప్పలనర్సమ్మ పిన్ని తిన్నగా మా వంటింట్లోకొచ్చి, గిన్నె మీద మూత తీసి, "ఏటే, ఇయాల కూడా ఆనపకాయేనేటి?" అని మా అమ్మని అడిగి మరీ పోయేది. భిలాయిలోనే రిసాలి పేటలో సొంత ఇల్లు కట్టుకున్నా ఆ అలవాటు నన్ను వదల్లేదు. ఏ గదిలోకైనా తిన్నగా వెళ్లిపోతాను. కూతురి గదిలోకి కూడా. బనీనుతో కూడా.

కూతురు భాగ్యరేఖ. ఇరవయ్యారేళ్లది. ఇన్సూరెన్సు పనులు చూసే ఒక కంపెనీకి ఇంట్లోంచే పనిచేస్తుంది. జనం పంపే ఆసుపత్రి బిల్లులు చూసి ఏది నిజమో ఏది దొంగదో తేల్చాలి. కంప్యూటరు మా ఇంటిదే, అందులో కంపెనీ తన తాళం తాను వేసుకుంది. నేను టీ పట్టుకుని గదిలోకి వెళ్లగానే తెర మీద ఉన్నదాన్ని టక్కున మూసేసేది.

"ఏటి మూసీసినావు?" అంటే, "కస్టమర్ల కాగితాలు నాన్నా. ఇంట్లోవాళ్లు కూడా చూడకూడదు. రూల్ హై" అనేది.

రూలట! నాకా రూలు! పైగా ఒకరోజు ఫోన్లో గొంతు తగ్గించి, "సునీల్ భయ్యా, అభీ ఘర్ మే కిసీకో మత్ బతానా" అంటోంది. ఇంట్లో ఎవరికీ చెప్పొద్దట. భయ్యా అన్న మాట నేను పట్టించుకోలేదు. సునీల్ అన్నది ఒక్కటే పట్టుకున్నాను.

అడగొచ్చు కదా అంటారు. నా భార్య మణిమాల కూడా అదే అంది. "నోరున్నాది కదండీ. అడగండి దాన్ని." నోటితో అడిగి తెలుసుకోవడం ఎవరైనా చేస్తారు. ఇన్‌స్ట్రుమెంటేషన్ వాడికి అది నామోషీ.

ఒక వీడియోలో చూశాను, పిల్లల్ని కనిపెట్టి ఉండే సాఫ్ట్‌వేరు. కంప్యూటర్లో ఉన్నట్టే తెలియదట. తెరని మాటిమాటికీ ఫొటో తీసి మన ఫోనుకి పంపిస్తుందట. డబ్బిచ్చి కొనేది ఒకటుంది, ఊరికే వచ్చేది ఒకటుంది. ఫ్రీగా వస్తే ఫినాయిలైనా తాగే జాతి కదా మనది, రెండోదాన్ని ఎంచుకున్నాను. తల్లీకూతుళ్లు బజారుకెళ్లిన సమయం చూసి ఎక్కించేశాను. కంప్యూటరు పాస్‌వర్డు మణిమాల పేరే, ఇంట్లో అందరికీ తెలుసు. యాంటీవైరస్ పాపం ఎర్రటి అక్షరాలతో వద్దు వద్దని మొత్తుకుంది. ప్లాంటులో అలారం మోగితే పరుగెత్తినవాణ్ణి, ఇంట్లో మోగితే నోరు మూయించాను.

మర్నాటి నుంచి నా ఫోనుకి ఫొటోలే ఫొటోలు. అక్షరాలన్నీ చీమ తలకాయలంత. కళ్లజోడు మీద భూతద్దం పెట్టుకుని చదివాను. ఎవరిదో కంటి ఆపరేషను. ఎవరిదో మోకాలు. ఎవరికో కడుపులో రాయి. ఇవి పరాయివాళ్ల కష్టాలు, నేను చూడకూడదు అని అప్పుడైనా అనిపించాలి. అనిపించలేదు సరికదా, ఆ రాయి ఎంత పెద్దదో కూడా చూశాను.

ఆ రాళ్ల మధ్య అసలుది దొరికింది. మా ఊళ్లోనే రుఆబాంధా పేటలో ఒక అద్దె గది ఫొటోలు. ఆ గది తనకే కావాలని భాగ్యరేఖ రాసింది. కింద సునీల్ అని పేరు, చిరునామా.

 నా పిల్ల ఇల్లు వదిలి పోతోంది, ఎవడో సునీల్‌తో. ఆ పూట అన్నం సహించలేదు. మణిమాల కూరలో ఉప్పెక్కువేస్తే కూడా ఏమీ అనకుండా లేచిపోయాను. దాంతో ఆవిడకి నా ఆరోగ్యం మీద అనుమానం వచ్చింది.

మధ్యాహ్నం బండేసుకుని రుఆబాంధా వెళ్లాను. ఆ చిరునామాలో కింద మంచినీళ్ల ఫిల్టర్ల దుకాణం, పైన ఆ అద్దె గది ఉన్నాయి. గల్లాపెట్టె దగ్గర మోకాళ్లకి పట్టీలు కట్టుకుని, నాకన్నా పెద్దాయన ఒకాయన కూర్చున్నాడు. "సునీల్ హై క్యా?" అన్నాను మీసం దువ్వుకుంటూ. "మై హీ హూఁ. క్యా చాహియే, భాయీ సాబ్?" అన్నాడాయన. ఆయనే సునీలట, ఏం కావాలంటున్నాడు. ఫిల్టర్లో వేసే కాండిల్ ఒకటి కొనుక్కుని ఇంటికొచ్చాను. మా ఇంట్లో ఫిల్టరే లేదు.

కొండను తవ్వి ఎలకను కూడా పట్టలేకపోయానన్నమాట. ఈ సునీల్ కాకపోతే ఇంకెవడో ఉన్నాడని మనసుకి నచ్చజెప్పుకున్నాను. అయినా సిగ్గేసి, ఆ సాఫ్ట్‌వేరుని తీసేద్దామని ఒకరోజు కూర్చున్నాను. వెతికాను, వెతికాను. అది కనిపించని రకం కదా. పెట్టినవాడికీ కనిపించలేదు.

ఆ తర్వాత ఒక పొద్దున్న భాగ్యరేఖ గదిలోంచి కేక పెట్టింది. "నాన్నా! నా లాగిన్ బంద్ అయిపోనాది!"

వెళ్లేసరికి నేల మీద కూలబడి ఉంది. మన కంప్యూటర్లో ఏదో దొంగ సాఫ్ట్‌వేరు దాక్కుందట, కస్టమర్ల కాగితాలు బయటికి పోతున్నాయట. తప్పు ఆమెదని తేలితే ఉద్యోగం పోతుంది. ఒకసారి ఆ మచ్చ పడితే ఆ పనిలో ఇంకెవరూ తీసుకోరు. టీమ్ లీడర్‌గా ఆమె పేరు వచ్చి నెల కూడా కాలేదు.

"నేనేటి చేసినానో నాకే సమఝ్ అవడం లేదు నాన్నా. ఏదో ఫాంట్ ఎక్కించినాను ఒకసారి. దాని వల్లేనేమో" అని వెక్కివెక్కి ఏడ్చింది.

 నేనేనమ్మా అని ఒక్క మాట అంటే అయిపోయేది. అనలేదు. తేలు కుట్టిన దొంగ ఏం చేస్తాడు? నేనైతే విచారణ కమిటీ వేశాను. "ఏడవకు. నేనున్నాను కదా, దొంగ ఎవడో తేలుస్తాను" అన్నాను గంభీరంగా.

హాల్లో కుర్చీలు వేయించాను. ఇంటర్నెట్ తీగ లాగడానికి వచ్చిన కుర్రాణ్ణి అనుమానించాను. పాత ప్రింటర్ని అనుమానించాను. విదేశీ దొంగల గురించి చిన్న ఉపన్యాసం కూడా ఇచ్చాను. మణిమాల బీరకాయ చెక్కు తీస్తూ అంతా విన్నది.

"కమిటీవోరూ, నాకో డౌటు. ఆ రోజు మేం బజారు నుంచి వచ్చీసరికి మీరు ఆ కంప్యూటర్ కుర్చీలోంచి లగెత్తినారు కదా. ఏల?"

గుమ్మడికాయల దొంగ అని ఇంకా ఎవరూ అననేలేదు, నా చేతులు భుజాల మీదికి వెళ్లిపోయాయి. "పంచాంగం చూసుకున్నాను" అన్నాను.

"ఏ తిథి వొచ్చినాదేటి?"

నాకు తెలియదు. "అమావాస్యే అయ్యుంటాది లెండి" అని మణిమాల బీరకాయలు పట్టుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.

సాయంత్రం కంపెనీ నుంచి కుముదిని అనే అధికారి వీడియోలో మాట్లాడతానంది. భాగ్యరేఖ ఫోనుని బల్ల మీద నిలబెట్టింది. నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని పక్కన కూర్చున్నాను. కుముదిని హిందీలో నెమ్మదిగా, అర్థమయ్యేలా చెప్పింది.

"మీ కంప్యూటర్లో ఉన్నవి రెండు. మొదటిది పిల్లల మీద నిఘాకి ఇళ్లల్లో పెట్టుకునేది. దాన్ని ఎవరో కావాలనే పెట్టారు. రెండోది దాని కడుపులో దాక్కుని వచ్చింది. కాగితాలు బయటికి పంపుతున్నది అదే. మొదటిదాన్ని పెట్టినవాళ్లకి ఈ రెండోదాని సంగతి తెలిసి ఉండదు."

ఓరి భగవంతుడా! నా కూతురి మీదికి నేను పంపిన దొంగ ఇంకో దొంగని చంకనెక్కించుకుని వచ్చాడా! ఊరివాళ్ల కడుపులో రాళ్లన్నీ నా చేతి మీదుగానే బజారున పడ్డాయా!

పిల్లల మీద నిఘా అన్న మాట వినగానే భాగ్యరేఖ తల తిప్పి నావైపు చూసింది. తర్వాత నా జేబులో ఉన్న ఫోను వైపు చూసింది. అర్థమైపోయింది దానికి. నేను తల దించుకున్నాను.

"భాగ్యరేఖా, దాన్ని మీరే పెట్టారా?" అనడిగింది కుముదిని.

నా కూతురు కళ్లు తుడుచుకుంది. "నేనే అయ్యుంటాను మేడమ్. పొరపాటున నేనే ఎక్కించినట్టున్నాను" అంది.

నా పరువు కోసం అది తన ఉద్యోగాన్ని వదిలేసుకుంటోంది. నన్ను చెప్పుతో కొట్టినా అంత నొప్పి పుట్టేది కాదు.

"కాదు మేడమ్. నేను పెట్టాను. నేను దాని తండ్రిని" అన్నాను. 

"ఎందుకు పెట్టారు అంకుల్?"

"అమ్మాయి ఏం చేస్తోందో తెలుసుకుందామని."

"ముందు తననే అడిగారా?"

"లేదు."

"ఎందుకని?"

"చెప్పదేమోనని" అన్నాను. అది కూడా అబద్ధమే. చెప్పేస్తుందేమోననే నా భయం. నాన్నా, నేను ఈ ఇంట్లోంచి వెళ్లిపోతున్నాను అని అది నా మొహం మీద చెబితే వినే ధైర్యం నాకు లేదు. ఫొటోలైతే పక్కకి జరిపేసుకోవచ్చు.

 కుముదిని నన్ను పావుగంట సేపు ప్రశ్నలు అడిగి, నా ఫోనులోని ఫొటోలన్నీ తన ఎదుటే చెరిపించి, చివరికి తీర్పు చెప్పింది. బయటికి పోయినవి ఎవరెవరి కాగితాలో వాళ్లకి కంపెనీ చెప్పుకుంటుంది. భాగ్యరేఖ ఉద్యోగానికి ఢోకా లేదు. ఆమెకి కంపెనీయే కంప్యూటరు పంపిస్తుంది. కానీ ఇకమీదట ఇంకొకరు అడుగుపెట్టని గదిలో, గడియ వేసుకుని పనిచేయాలి. "ఈ ఇంట్లో అది కుదిరేలా లేదు. వేరే చోటు చూసుకోగలరా?"

"చూసే ఉంచినాను మేడమ్. రుఆబాంధాలో" అంది నా కూతురు.

ఫోను పెట్టేశాక నావైపు చూడకుండానే చెప్పింది. "టీమ్ లీడర్‌కి తలుపున్న గది కావాలి నాన్నా. మీటింగ్ మధ్యలో నువ్వు బనీనేసుకుని వచ్చీసి, ఆనపకాయ తింటావా అనడుగుతావు. పగలు అక్కడ పనిచేసుకుని రాత్రికి ఇంటికొచ్చీద్దామనుకున్నాను. నీకెలగ చెప్పాలో తెలీక, నువ్వు బాధపడతావని ఆగినాను. బస్, ఇంతే."

"మరిప్పుడు?" అన్నాను.

"ఇప్పుడు అక్కడే ఉంటాను" అని లేచి వెళ్లిపోయింది.

రాత్రికి ఇంటికొచ్చే పిల్లని రాకుండా చేసింది ఎవరయ్యా అంటే, కమిటీ అధ్యక్షులవారే. కంచే చేను మేసింది.

వెళ్లేవరకూ నాతో మాట్లాడలేదు. సామాను ఆటోలోకి నేనే ఎక్కించాను; వద్దనలేదు, థాంక్స్ అనీ అనలేదు. అది వెళ్లాక ఆ గది ముందు నుంచి నడవాలంటే కష్టంగా ఉండేది. ఎవరూ లేని గది తలుపు దగ్గర రెండుసార్లు టీ కప్పుతో నిలబడ్డాను. అప్పుడొచ్చింది నాకు తలుపు దగ్గర ఆగడం.

ఒక శనివారం తల్లికి ఫోను చేసింది. "రేపు రండి. నాన్నని కూడా తీసుకురా. ఇక్కడి ఫిల్టర్లో నీళ్లు సరిగా దిగడం లేదు, కొత్త కాండిల్ వెయ్యాలట, కింద సునీల్ భయ్యా దుకాణంలో అయిపోయినాయి."

కాండిల్! నా దగ్గరుంది కదా! అట్టపెట్టె కూడా విప్పలేదు. మణిమాల దాన్నీ నన్నూ మార్చి మార్చి చూసి, "ఇదెప్పుడు కొన్నారు?" అంది. "అమావాస్య నాడు" అన్నాను.

రుఆబాంధాలో మెట్లెక్కి ఆ తలుపు ముందు నిలబడ్డాను. చేతిలో కాండిల్. బెల్లు కొట్టాను. అరవై రెండేళ్ల బతుకులో సొంత కూతురి తలుపు దగ్గర మొదటిసారి.

"కౌన్?" లోపల్నుంచి దాని గొంతు.

"నేను."

"నేనంటే?"

"నాన్నని. లోపలికి రావచ్చా?"

లోపల కుర్చీ జరిపిన చప్పుడైంది. 

"గడియ పెట్టలేదు నాన్నా. పొద్దుట్నుంచీ తీసే ఉన్నాది."

తలుపు మీద చెయ్యి వేశాను. తొయ్యలేకపోయాను. వెనక నుంచి మణిమాలే తోసింది.