ప్రీవిట్ ఎడమచెయ్యి

మాకు గ్లైడర్ నడపడం నేర్పే లెఫ్టినెంట్ ప్రీవిట్‌కు నేనంటే పడదు. ఆయన మొహం చూస్తేనే నాకు ఒళ్లు మండేది. ఇంజన్ విమానాల బడిలో తప్పి వచ్చిన మమ్మల్ని ఆయన తాలు సరుకు అనేవాడు. తను మాత్రం పద్నాలుగేళ్లు పత్తి చేల మీద మందు చల్లే విమానం నడిపాడట. పొద్దున లేస్తే అదే గొప్ప. ఇంజన్ లేని ఈ గ్లైడర్ పరీక్ష కూడా తప్పితే నా చేతికి తుపాకీ ఇచ్చి కాల్బలంలోకి తోస్తారు. సంతకం పెట్టాల్సింది ఆయనే.

మా టెక్సాస్ మైదానంలో గ్లైడర్లంటే నిన్నటి చిన్న విమానాలే. ఇంజన్ పీకేసి, ఆ చోట ఇంకో సీటు బిగించారు. ఆ రోజు ప్రీవిట్ ముందు సీట్లో, నేను వెనక. ఇంకో విమానం మమ్మల్ని తాడుతో రెండు వేల అడుగులు పైకి లాక్కెళ్లింది. తాడు వదిలేశాను. గాలి విసురుగా ఉండటంతో త్వరగానే మైదానం వైపు తిప్పాను.

"ఏంట్రా టాకెట్, అప్పుడే ఇంటికా? మీ అమ్మ కాల్చిన రొట్టెలు చల్లారిపోతాయా?"

"గాలి ఎక్కువుంది సార్. ఇంకా దూరం పోతే వెనక్కొచ్చి మైదానం అందుకోలేం."

"నాకు చెప్పొచ్చావా! చెయ్యి తియ్. ఇక నేను నడుపుతా."

తీసేశాను. ఆయన గాలివాటున ఇంకో మైలు పోయి, తీరిగ్గా వెనక్కి తిప్పాడు. ఎదురుగాలికి గ్లైడర్ కిందికి దిగుతోందే కానీ ముందుకు కదలడం లేదు. మైదానం ఇంకా అవతలే ఉంది, ఇవతల ముళ్లకంచె.

అప్పుడు చూశాను. ఇంజన్ వేగం పెంచే పిడి కోసం ప్రీవిట్ ఎడమచెయ్యి గబుక్కున ముందుకు పోయింది. అక్కడ పిడీ లేదు, అసలు ఇంజనే లేదు. ఒకసారి కాదు, మూడుసార్లు ఖాళీలోకి తోశాడు. అంత భయంలోనూ నాకు నవ్వొచ్చింది. కంచె తీగ చక్రానికి తగిలి పత్తి చేలో బోర్లాపడ్డాం.

మా బడి అధిపతి కెప్టెన్ లిండ్‌క్విస్ట్ జీపులో వచ్చేసరికి ప్రీవిట్ మూతి నెత్తురు తుడుచుకుంటూ నా పరీక్ష కాగితం నింపేస్తున్నాడు.

"వీడు పనికిరాడు సార్. దిగేటప్పుడు పిడి కోసం తడుముకున్నాడు. నా కళ్లారా చూశాను."

"సార్ కూర్చుంది ముందు సీట్లో. నేను వెనక," అన్నాను. "ఆయన వీపుకేమైనా కళ్లున్నాయేమో అడగండి సార్."

కెప్టెన్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. కాగితం లాక్కుని తనే సంతకం పెట్టాడు.

"నువ్వు పాసయ్యావు టాకెట్. యుద్ధానికి పోయే పెద్ద గ్లైడర్‌కి ఇద్దరు పైలట్లు కావాలి. పక్కపక్క సీట్లు, వెనక పదమూడు మంది సిపాయిలు. ఆ సీట్లు మీ ఇద్దరివీ. ఒకరినొకరు ఎలాగూ కనిపెట్టుకునే ఉంటారుగా."

మర్నాడు అందరినీ వరసలో నిలబెట్టి పైలట్లయిన గుర్తుగా చొక్కాలకు రెక్కల బిళ్లలు గుచ్చారు. నాది గుచ్చింది ప్రీవిట్. సూది బట్ట దాటి కండలో దిగేదాకా నొక్కాడు.

"నొప్పిగా ఉందా?" అన్నాడు మెల్లగా.

"లేదు సార్."

ఆ రెక్కలు నావి. ఆయన పక్కన కూర్చుని చావాల్సి వచ్చినా సరే, నావే.