పప్పునూనెలో మునిగిన కత్తి

నేను ఒక కత్తిని. పుట్టుకతో కాదు, పేర్రాజు మాస్టారి పట్టుదలతో. అంతకుముందు మండపేటలో ఒక సైకిలు షాపులో ఆకురాయిని. పాతికేళ్లపాటు కనపడ్డ ఇనుమునల్లా అరగదీసి, చివరికి నా పళ్లే అరిగిపోయి, పాత ఇనుప సామాన్ల కొట్టులో విరిగిన గొళ్లేల మధ్య పడి ఉన్నాను. ఈ జన్మకింక చాకిరీ లేదని కాళ్లు బారజాపుకునేలోగా మాస్టారొచ్చి నన్ను ఎండలోకి ఎత్తి, ఒక కన్ను మూసి చూశారు. నా పని అయిపోయిందని అప్పుడే అర్థమైంది.

మాస్టారు ముప్పై ఆరేళ్లు బళ్లో లెక్కలు చెప్పారు. పదిమంది కూలీలు ఇరవై రోజుల్లో కట్టే గోడని పాతికమంది ఎన్ని రోజుల్లో కడతారో ఇట్టే చెప్పేవారు గానీ, ఆ గోడకి ఒక మేకు కొట్టడం మాత్రం ఆయన వల్ల అయ్యేది కాదు. ఇంకో విశేషం, ఆయన లెక్క ఎన్నడూ తప్పలేదు. తప్పితే అది పుస్తకం తప్పో, సుద్దముక్క తప్పో అయ్యేది. "నాదే పొరపాటు" అన్న మాట ఆయన నోటి వెంట ఒక్కసారైనా విని పోవాలని ఆయన భార్య మాణిక్యాంబగారి కోరిక. కాశీ, రామేశ్వరం అయినా చూడగలనేమో గానీ అది మాత్రం జరగదని ఆవిడే అంటూంటారు.

రిటైరయ్యాక పొద్దుపోని మాస్టారు ఒకరోజు ఫోనులో ఎవరో ఇంట్లోనే చిన్నపాటి పనిముట్లతో కత్తి చేయడం చూశారు. అంతే, పూనకం వచ్చింది.

"మాణిక్యం, ఈ ఏడు ఆవకాయ ముక్కలు నేను చేసిన కత్తితోనే కొడతావు, చూసుకో."

"ముందా పెరటి తలుపుకి గడియ బిగించండి. ఆర్నెల్లయింది ఊడి."

గడియ సంగతి మాస్టారికి వినపడలేదు.

ముందు కాగితం మీద స్కేలూ కోణమానినీ పెట్టి నా బొమ్మ గీశారు. తర్వాత కుంపట్లో బొగ్గులు రాజేసి, విసనకర్ర విరిగేదాకా విసిరి, నన్ను ఎర్రగా కాల్చి, మర్నాటి దాకా బూడిదలో పూడ్చిపెట్టారు. అలా చేస్తే ఉక్కు మెత్తబడి చెప్పిన మాట వింటుందట. విన్నాను, వినక చస్తానా! ఆ పైన పీట మీద పెట్టి, కాలితో తొక్కిపట్టి, హాక్సా బ్లేడుతో కోశారు. బజారు నుంచి కొత్త ఆకురాయి తెచ్చి నన్ను రాయడం మొదలెట్టారు. నా జాతిదే, నిన్నగాక మొన్న పుట్టింది, నా ఒళ్లు గీరుతుంటే దాయాదుల పోరంటే ఏమిటో తెలిసొచ్చింది. పదకొండు రోజులు రాశారు. కుంటి కుర్చీ కాలు కోసి పిడి కూడా తయారుచేశారు. ఈలోగా ఆయన అరచేతుల్లో బొబ్బలు లేచాయి, చిట్లాయి, మళ్లీ లేచాయి. నిజం చెప్పొద్దూ, ఆ చేతులు చూశాక నాకు ఆయన మీద ప్రేమ పుట్టింది. ఈ మనిషి కోసమైనా మంచి కత్తిని కావాలనిపించింది.

ఇంక నాకు గట్టిదనం రావాలి. దానికి మళ్లీ ఎర్రగా కాల్చి నూనెలో ముంచాలట. ఏ నూనె అన్నది ఫోనులో వాడు చెప్పలేదో, మాస్టారు వినలేదో తెలియదు. ఆ పూట మాణిక్యాంబగారు మామిడికాయలు బేరమాడటానికి వెళ్లారు. వంటింటి మూల పప్పునూనె రేకు క్యాను ఉంది. గానుగ దగ్గర తనే నిలబడి నువ్వులు ఆడించి, ఆవకాయ కోసమని మూతికి గుడ్డ కట్టి దాచుకున్న నూనె. అందులోంచి పోపుకి ఒక్క చుక్క కూడా ఆవిడ ఎవరినీ తియ్యనివ్వరు. మాస్టారు ఆ గుడ్డ విప్పి నన్ను నిలువునా దింపారు. చుయ్యిమన్నాను. జానెడు మంట లేచింది, వంటిల్లంతా పొగ కమ్మింది. మంట ఆరగానే ఆయన నన్ను పైకి తీసి, క్యానుకి ఎప్పటిలాగే గుడ్డ కట్టేసి, నాకు పిడి బిగించి, బీరువాలో పంచెల మధ్య దాచేశారు. గడప దగ్గర మాటలు బీరువాలోకి వినపడుతూనే ఉన్నాయి.

"ఏవిటండీ ఈ కమురు కంపు?"

"వీధిలో ఎవరో టైరు కాలుస్తున్నారు."

"వీధిలో టైరు కాలితే మీ కనుబొమలెందుకు కాలాయి?"

"ఎండ" అన్నారు మాస్టారు.

ఆవకాయ పెట్టే రోజు వచ్చింది. రామచంద్రపురం నుంచి మాస్టారి అక్కగారు రత్తమ్మగారు దిగారు. మాణిక్యాంబగారి ఆవకాయంటే చుట్టాల్లో అంత పేరు, ఏటా ఒక జాడీ ఆవిడకి వెళ్లాల్సిందే. మాస్టారు నన్ను పైపంచెతో తుడిచి, పెళ్లికొడుకుని తెచ్చినట్టు తెచ్చి, భార్య చేతికి అందించబోయారు.

"ఒరే ఒరే! కత్తి చేతికివ్వకూడదురా, కింద పెట్టు. మొగుడూ పెళ్లాలకి గొడవలొస్తాయి" అని అక్కగారు కేకేశారు.

"ఇప్పుడేం తక్కువయ్యాయి వదినగారూ" అంటూ మాణిక్యాంబగారు పీట మీంచి నన్ను తీసుకుని, కాయ మీద ఒక్క దెబ్బ వేశారు.

టక్కుమంది. కాయ కాయలాగే ఉంది. నా అంచులోంచి అర్ధచంద్రం లాంటి ముక్క ఎగిరి ఆవపిండి పళ్లెంలో పడింది. సిగ్గుతో చచ్చిపోయాను. మాస్టారి ముఖం చూడలేకపోయాను.

రత్తమ్మగారు నోరు తెరిచేలోగా మాణిక్యాంబగారే అందుకున్నారు. "కాయ ముదురుది లెండి. ముదురు టెంకకి ఏ కత్తయినా అంతే." ఆవపిండిలోంచి నా ముక్క ఏరి, నన్ను మెల్లగా పక్కన పెట్టి, అటక మీంచి పాత ఆవకాయ కత్తిపీట దింపించారు.

ముక్కలయ్యాయి. ఉప్పూ కారం ఆవపిండీ కలిశాయి. ఆవిడ నూనె క్యాను తెచ్చి మాస్టారి ముందు పెట్టారు. "ఈసారి నూనె మీరే పొయ్యండి. ఇన్నాళ్లూ కష్టపడ్డారు కదా."

మాస్టారు క్యాను ఎత్తారు. పోస్తే ఏడాది ఆవకాయా, దాంతోపాటు ఆవిడ పేరూ గంగపాలు. ఆగితే అక్కగారి ముందు పరువు గంగపాలు. క్యాను కొంచెం వంగింది. ఆగింది. మళ్లీ వంగింది. చెప్పేయవయ్యా మగడా, అని లోలోపల అరిచాను.

"మాణిక్యం" అన్నారు చివరికి, క్యాను కింద పెట్టి. "ఇది పొయ్యకూడదు. కాలిన కత్తి ఇందులోనే ముంచాను. నాదే... నాదే పొరపాటు."

నన్ను పదకొండు రోజులు రాసినప్పుడు కూడా ఆయనకి అంత చెమట పట్టలేదు.

"పర్లేదు, పొయ్యండి" అన్నారు మాణిక్యాంబగారు. "మొన్ననే గుడ్డ విప్పి చూశాను. కొలిమిలో ముక్కు పెట్టినట్టుంది. అది పారబోసి, మళ్లీ ఆడించి తెచ్చి ఇందులోనే పోశాను."

"మరి నాకు చెప్పవేం?"

"మీరు చెబుతారేమోనని ఆగాను" అని ఆవిడ కొంగుతో కళ్లు ఒత్తుకున్నారు. ఆవపిండి ఘాటు అన్నారు.

అప్పుడు రత్తమ్మగారు గొంతు సవరించుకున్నారు. "మాణిక్యం, పోయినేడు నువ్విచ్చిన జాడీ పిల్లి పడదోసిందన్నాను కదా. పిల్లి కాదే. నేనే." ముగ్గురూ పగలబడి నవ్వారు. నూనె కొంత జాడీలోనూ కొంత నేల మీదా పడింది.

తర్వాత మాస్టారు నన్ను కమ్మరి వీరాచారికి చూపించారు. "నూనెలో ముంచాక మళ్లీ కాస్త సెగ చూపించాలండి మాస్టారూ. లేపోతే పెంకులాగ విరిగిపోద్ది" అన్నాడతను. ఆ సెగేదో మాణిక్యాంబగారే చూపిస్తున్నారు. ఇప్పుడు నేను అట్లకాడని. రోజూ పొద్దున్న వేడి పెనం మీద అట్లు తిప్పుతాను.

మొన్న పక్కింటి కోడలు వచ్చి నా వంక చూసి, "ఇదేంటి పిన్నిగారూ, అంచు విరిగిపోయింది! బజార్లో మంచి స్టీలు అట్లకాడలొచ్చాయి, ఇది పారేయండి" అంది.

"పారేయడమేవిటమ్మా, మా ఆయన చేశారు" అన్నారు మాణిక్యాంబగారు, నన్ను అట్టు కిందికి పోనిస్తూ.

హాల్లో కూర్చున్న మాస్టారు ఇంకో అట్టు వెయ్యమన్నారు. అప్పటికే ఆరు తిన్నారు.