వెనకాయన

బట్టలు ఇస్త్రీ చేసి బతికే, అందరూ ఇస్త్రీ అమ్మ అని పిలిచే రోగి నడుముకి పట్టీ బిగించి, బకిల్ కింద రెండు వేళ్లు దూర్చి, మరీ బిర్రుగా లేదు కదా అని చూసుకున్నాడు వెనకాయన. ముతక కాన్వాసు పట్టీ అది. వెనకవైపు చెయ్యి దూరేంత పిడి ఉంటుంది. నడిచే మనిషి పడిపోతుంటే ఆ పిడి పట్టుకుని నిలబెట్టాలి. పడిపోకపోతే పట్టుకోకూడదు. పక్షవాతం వచ్చినవాళ్లు మళ్లీ నడక ఎలా నేర్చుకుంటారో పరిశోధించే ఆ పొడవాటి హాల్లో, పెద్దాసుపత్రి కింది అంతస్తులో, ఆయన ఉద్యోగమల్లా అదే. జుట్టు నల్లగా ఉన్నప్పుడు చేరాడు. ఇప్పుడు జుట్టే లేదు. ఈ సాయంత్రం రిటైరయ్యాక ఉద్యోగమూ ఉండదు.

అసలు పేరు జీతాల గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తులేదు. మనుషుల వెనక జానెడు దూరంలో నడుస్తాడు కనక అందరికీ వెనకాయనే. పొట్టి మనిషి. భుజాలు కాస్త ముందుకి వంగి ఉంటాయి. కుడి చెయ్యి మోచేతి దగ్గర మడిచి, అరచెయ్యి తెరిచి ఉంచుతాడు. కాళ్లకి చప్పుడు చెయ్యని రబ్బరు చెప్పులు. హాలు గోడమీద వరసగా పరిశోధన ఫొటోలున్నాయి. వాటిలో పెద్ద డాక్టర్లున్నారు, నడిచిన రోగులున్నారు, ఒక పాత పెద్ద డాక్టరుగారి గొడుగు కూడా ఉంది. వెనకాయన మాత్రం ఎక్కడా పూర్తిగా లేడు. ఒకదాంట్లో మోచెయ్యి, ఇంకోదాంట్లో ఒక చెప్పు. దానికాయన ఏనాడూ నొచ్చుకోలేదు గాని, భార్యకి ఒళ్లు మండేది. "ఇన్నేళ్ల ఉద్యోగానికి మోచెయ్యేనా?" అనేది.

ఆయనకి ముఖాలు గుర్తుండవు, మెడలు గుర్తుంటాయి. బజార్లో పాత రోగి ఎవరైనా ఎదురొచ్చి బాగున్నారా అంటే తెల్లమొహం వేసేవాడు. ఆ మనిషి చిన్నబుచ్చుకుని వెనక్కి తిరగ్గానే, చెవి వెనక పుట్టుమచ్చో, కాలరు మీదికి దిగిన నెరిసిన జుట్టో కంటపడి, "అయ్యో, మీరా" అంటూ వెంటపడేవాడు. భార్య పక్కన నిలబడి కడుపుబ్బ నవ్వేది.

ఆవిడతో వీధిలోకి వెళ్లినా అదే తంతు. ఆవిడ ముందు, ఈయన వెనక, ఆవిడ నడుముకి జానెడు దూరంలో ఈయన అరచెయ్యి. "నేనేం పడిపోతానా? నలుగురూ చూస్తున్నారు, చెయ్యి తియ్యి," అని విసుక్కునేది. తీసేస్తే నాలుగడుగులు వేసి ఆగిపోయేది. వెనక్కి తిరక్కుండానే, "ఉన్నావా?" అని అడిగేది. "ఉన్నా," అనేవాడు. మళ్లీ నడక సాగేది. ఆ నడకలు ఎంత బాగుండేవో, అవే వీధుల్లో ఒక్కడూ నడుస్తుంటే ఇప్పుడు తెలుస్తోంది.

కిందటి వానాకాలంలో ఒక పొద్దున ఆవిడ స్నానాలగదిలో కాలు జారి పడింది. ఆ సమయానికి ఈయన ఇక్కడ, ముక్కూమొహం తెలియని మనిషి వెనక అరచెయ్యి తెరుచుకుని నడుస్తున్నాడు. ఆవిడ మళ్లీ లేవలేదు.

అప్పటినుంచి ఆయన చెయ్యి మాట వినడం మానేసింది. ముందు మనిషి కాస్త ఒరిగితే చాలు, వేళ్లు వాటంతటవే పిడిని బిగించి పట్టుకుంటున్నాయి. ఆ పిడిలో సెన్సరు ఉంది. లాగి పట్టుకుంటే గోడమీది తెరలో ఎర్రగీత లేస్తుంది. గీత లేచిందంటే ఆ మనిషి సొంతంగా నడిచినట్టు కాదు, ఆ నడక లెక్కలోకి రాదు. ఇస్త్రీ అమ్మ నడక ఇప్పటికే రెండుసార్లు అలా పాడయింది. రెండుసార్లూ ఆవిడ పడేది కాదు. ఈయనే తొందరపడ్డాడు.

పరిశోధన చూసుకునే డాక్టరమ్మ దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది.

"బాబాయ్, ఇవాళ కూడా గీత లేస్తే ఆవిణ్ణి తప్పించాల్సి వస్తుంది. సొంతంగా నడిచినవాళ్లకే తర్వాతి శిక్షణ. ఆ రూలు నేను పెట్టింది కాదు. పోనీ, ఇంకెవరినైనా పిలవనా?"

ఆయన నోరు తెరిచేలోగా ఇస్త్రీ అమ్మ అందుకుంది. ఎడమ పెదవి ఇంకా పూర్తిగా కదలదు గాని, ఆవిడ మాటకి మాత్రం ఇస్త్రీ చెదరలేదు.

"ఇంకెవరో ఎందుకమ్మా? చెడగొట్టినాయనే బాగుచేస్తాడు. నేను మళ్లీ నా బల్ల దగ్గర నిలబడాలి. చెయ్యి దారికొచ్చింది, కాలే మొండికేసింది. కూర్చుని ఇస్త్రీ చేస్తే చొక్కా కూడా కూలబడ్డట్టే ఉంటుంది."

డాక్టరమ్మ నవ్వింది. వెనకాయనకి నవ్వు రాలేదు. అరచేతి చెమట పంట్లానికి తుడుచుకుని ఆవిడ వెనక నిలబడ్డాడు.

"నేనున్నా," అన్నాడు.

ఇస్త్రీ అమ్మ కదిలింది. కుడికాలు పడుతోంది, ఆగుతోంది, ఎడమకాలు నేలని రాసుకుంటూ వచ్చి పక్కన చేరుతోంది. కెమెరాలు నడకని పసిగట్టడానికి మోకాళ్లకి అంటించిన చుక్కలు లైట్ల కింద మెరుస్తున్నాయి. వెనకాయన అవేవీ చూడటం లేదు. ఆవిడ వేసుకున్న ఆసుపత్రి చొక్కా కాలరు వెనక గుచ్చుకున్న పిన్నీసునే చూస్తున్నాడు. అది తిన్నగా ఉన్నంతసేపూ ఆవిడ తిన్నగా ఉన్నట్టే.

హాలు మధ్యలో ఎడమ మోకాలు వంగింది. పిన్నీసు పక్కకి ఒరిగింది. ఆయన వేళ్లు పిడిలోకి దూరిపోయాయి. తడినేల, సబ్బు నురగ, తను లేని గది కళ్లముందు తిరిగాయి. పట్టుకుంటే ఈవిడ ఇవాళ పడదు. బల్ల దగ్గర మళ్లీ నిలబడనూ నిలబడదు.

"ఉన్నావా అన్నయ్యా?"

వెనక్కి తిరక్కుండానే అడిగింది. ఆ మాట విని ఎన్నాళ్లయిందో. భార్య ఏనాడూ పట్టుకోమనలేదు. ఉన్నావా అని మాత్రమే అడిగేది. పిడి లోపల వేళ్లు మెల్లగా తెరుచుకున్నాయి.

"ఉన్నానమ్మా."

మోకాలు వణికింది. వణికి, కుదురుకుంది. పిన్నీసు తిన్నగా అయింది. తెరమీద గీత లేవలేదు. అవతలి గోడ చేరుకుని, రెండు చేతులూ దానికి ఆనించి ఇస్త్రీ అమ్మ ఏడ్చింది. వెనకాయన కూడా ఏడ్చాడు గాని, వెనక ఉన్నాడు కనక ఎవరూ చూడలేదు.

సాయంత్రం అందరూ టీలు తాగారు. ఫొటో కోసం ఆయన్ని పట్టుబట్టి ముందు నిలబెట్టారు. తీరా తీసే సమయానికి అలవాటుగా ఓ అడుగు వెనక్కి వేశాడు. ఈసారి భుజం దాకా వచ్చింది. మోచేతి కన్నా నయమని అందరూ నవ్వారు.

రబ్బరు చెప్పులు సంచిలో వేసుకుని పొడవాటి వరండాలోకి వచ్చాడు. వెనక ఎవరూ లేని నడక, ముందు కూడా ఎవరూ లేని నడక. కాళ్లు ఎటూ కదల్లేదు. తలుపు దగ్గర చక్రాల కుర్చీలో కూర్చున్న ఇస్త్రీ అమ్మ అది గమనించింది.

"నడువు అన్నయ్యా. నేనున్నా."

ఆయన తిరిగి చూడలేదు. తిరిగి చూస్తే నడక చెడుతుందని ఇన్నేళ్లూ అందరికీ చెప్పింది తనే. వరండా చివర అద్దాల తలుపు తెరుచుకుని, ఆయన వెళ్లాక మూసుకుంది.

హాల్లో లైట్లు ఆర్పేశారు. గోడ కొక్కేనికి కాన్వాసు పట్టీ వేలాడుతోంది. దాని వెనక పిడి, లోపల ఇంకా చెయ్యి ఉన్నట్టే, గుండ్రంగా తెరుచుకుని ఉంది.