పొట్టి గుట్ట

మిషన్ మీద కప్పిన బట్ట తీసి మడిచి, కుళ్ళాయప్ప కిటికీ తలుపులు బిగించాడు. అనంతపురం గాలికి కర్పూరం నిలవదు. శుక్రవారం కాబట్టి ఇత్తడి పళ్ళెంలో నాలుగు బిళ్ళలు వెలిగించి, కాలేజీ వాళ్ళు రెండేళ్ళ కిందట తెప్పించిన, పదార్థాలను వెలుగుతో పరీక్షించే రామన్ మిషన్‌కు మూడుసార్లు తిప్పాడు. పక్క బల్ల మీద పరిశోధక విద్యార్థిని నందిని నిన్న సాయంత్రం కార్బన్ ద్రావణంతో చుక్కలు వేసి ఆరబెట్టిన గాజు పలకలున్నాయి; ఈ నెలే ఆమె వాటినిక్కడ పెట్టడం మొదలుపెట్టింది. వాటికీ హారతి చూపించాడు. వాటికి మాత్రం పుణ్యం వద్దా?

దినకూలీ అటెండరుగా అతనికిది పదహారో ఏడు. ఈ 2006లోనైనా పర్మనెంటు కాగితం వస్తుందని ఆశ. ఎండిన చింతబరికెలాంటి ఒళ్ళు, మోకాళ్ళ దగ్గర వెలిసిపోయిన ఖాకీ ప్యాంటు. లోకంలో అతను నమ్మేది ఆ మిషన్‌ను, నమ్మనిది పరిశోధన చేస్తున్న విష్ణువర్ధన్‌ను. బూట్లు విప్పకుండా మిషన్ గదిలోకి వచ్చేవాడు, కర్పూరం చూసి నవ్వేవాడు మంచివాడెలా అవుతాడు?

నందిని వచ్చి ఒక పలక మిషన్‌లో పెట్టింది. నల్లటి చుక్క మీద పచ్చటి వెలుగు పడి, కంప్యూటరులో రెండు గుట్టలు లేచాయి. పొడుగు గుట్ట నిలువుగా ఉంటే చుక్కలోని, కంటికి కనబడనంత సన్నని కార్బన్ గొట్టాలు బాగున్నట్టు. పక్కన పొట్టిది ఎదిగితే గొట్టాలు చెడ్డట్టో, చెత్త కలిసినట్టో. వరుసగా ఇది మూడో శుక్రవారం, పొట్టిది ఎదిగిపోయి ఉంది.

"ముందే చెప్పినా గదమ్మా. ఆ బూట్లాయప్పే నీ ద్రావణంలో ఏదో కలుపుతాండాడు," అన్నాడు కుళ్ళాయప్ప.

ఆ మాటే ప్రొఫెసర్ గంగాధరప్ప చెవిలోనూ వేసి ఉన్నాడు. మధ్యాహ్నం ప్రొఫెసరు విష్ణువర్ధన్‌ను పిలిచి, సాయంత్రానికల్లా ల్యాబు ఖాళీ చేయమన్నాడు. నాలుగేళ్ళ పని మట్టి కొట్టుకుపోతున్నా అతను గొడవ చేయలేదు. పుస్తకాలు అట్టపెట్టెలో సర్దుకుంటూ, ల్యాబువి ఒక్కొక్కటీ ఏరి బల్ల మీద పెట్టేశాడు. అది చూశాక కుళ్ళాయప్పకు మొదటిసారి తన అనుమానం మీదే అనుమానం వచ్చింది.

"ఇంతకూ కలిసిందేందమ్మా?"

"పొగమసి లాంటిదన్నా. తలుపులేసిన గదిలో పొగ యాడిది?"

కుళ్ళాయప్ప తల పైకెత్తాడు. మిషన్‌కు సరిగ్గా పైన, సీలింగు తట్టంత మేర నల్లబడి ఉంది. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. మూసుకుందామనే అనుకున్నాడు కూడా.

కాసేపటికి వరండాలోకి పోయి, మిగిలిన కర్పూరం బిళ్ళ వెలిగించి, ఖాళీ గాజు పలకను మంట మీద పట్టాడు. వేళ్ళు చురుక్కుమన్నా వదల్లేదు.

"దీన్ని సూడమ్మా."

రెండు వెడల్పాటి గుట్టలు లేచాయి. నందిని పొద్దుటి గీతను పక్కన పెట్టి చూసింది. పొట్టి గుట్ట వాపు అచ్చం అదే.

"సారుకు చెప్పు. చేసినోణ్ణి నేను. ఆయప్పను పంపొద్దని చెప్పు."

"నీ పర్మనెంటు సంగతేందన్నా?"

"నా నోటి మాటకే గదా ఆయప్పకీ గతి పట్టింది," అన్నాడు.

అట్టపెట్టెలోని పుస్తకాలన్నీ తిరిగి విష్ణువర్ధన్ బల్ల మీద పేర్చి, సైకిలెక్కి తన ఊరు బుక్కరాయసముద్రం దారి పట్టాడు. సోమవారం రాలేదు. ఆ తర్వాతా రాలేదు.

మసి పట్టిన ఆ గాజు పలకను నందిని పారేయలేదు. దాని ఒక అంచున, అతని బొటనవేలు పట్టుకున్న మేర మాత్రం గాజు తేటగా ఉంది.